ఆవు ఒక అంతస్తులో, చెప్పులు మరో అంతస్తులో

ఒక బహుళజాతి కంపెనీ పర్చేజ్ డిపార్ట్‌మెంట్‌లో నేను ఆరేళ్లు పనిచేశాను. గొప్పగా చెప్పుకునే ఉద్యోగమేం కాదు. కంపెనీ సరుకు బయటికి వెళ్లడానికి కావలసిన అట్టపెట్టెలు, లేబుళ్లు, కవర్లు ఎవరి దగ్గర, ఎంతకు కొనాలో తేల్చడం మా పని. ఏటా బడ్జెట్ వేళకు పైనుంచి ఒక అంకె దిగేది: పోయినేడాది రేటు మీద 5 శాతం తగ్గించాలి. ఐదే ఎందుకు, మూడెందుకు కాకూడదు అని అడిగే అలవాటు మాలో ఎవరికీ లేదు. ఆ అంకె పట్టుకుని సప్లయర్లకు ఫోన్లు చేసేవాళ్లం. వాళ్లు కాసేపు బతిమాలేవాళ్లు, కాసేపు ఏమీ మాట్లాడేవాళ్లు కాదు, చివరికి మూడున్నర దగ్గరో నాలుగు దగ్గరో బేరం తెగేది. తెగిన రోజు మా మేనేజర్ అందరికీ అభినందనల మెయిల్ పెట్టేవాడు.

మాది నాలుగో అంతస్తు. సీఎస్ఆర్, అంటే కంపెనీ సామాజిక బాధ్యత చూసే టీమ్, ఏడో అంతస్తులో కూర్చునేది. లిఫ్టులో కలిస్తే పలకరించుకోవడం, ఏడాదికోసారి మొక్కలు నాటే రోజున కంపెనీ టీషర్టు వేసుకుని వాళ్ల వెంట వెళ్లడం, అంతకుమించి మాకూ వాళ్లకూ పనిలేదు. మంచి మనుషులు. వెటకారంగా అనడం లేదు. అందులో ఒకామె బడులకు మరుగుదొడ్లు కట్టించే పని మీద నెలలో సగం రోజులు ప్రయాణాల్లోనే ఉండేది. నేను ఆ ఆరేళ్లలో చేసిన పనులన్నీ కలిపినా ఆమె కట్టించిన ఒక్క మరుగుదొడ్డికి సాటి రావేమో.

ఒక ఏడాది, రేట్ల బేరం నడుస్తున్న రోజుల్లోనే, అట్టపెట్టెల సప్లయర్ ఒకాయన ఫోన్ చేశాడు. వయసులో నాకంటే చాలా పెద్దాయన, అయినా నన్ను సార్ అనే పిలిచేవాడు.

"సార్, సోమవారం మీ దగ్గర్నుంచి మెయిల్ వచ్చింది, రేటు ఐదు శాతం తగ్గించమని. బుధవారం మీ ఆడిట్ వాళ్ల దగ్గర్నుంచి ఇంకోటి వచ్చింది, మా కుర్రాళ్ల చేత వారానికి 60 గంటలు దాటి పని చేయిస్తున్నాం, నెలలో సరిదిద్దుకోకపోతే ఆర్డర్లు ఆపేస్తాం అని. రెండిటి మీదా ఒకే లోగో ఉంది. నేను ఏది పాటించాలి?"

రెండూ పాటించాలి అన్నాను. ఆయన నవ్వేసి ఫోన్ పెట్టేశాడు. ఆ నవ్వు కోపంగా ఉన్నా బాగుండేది.

కంపెనీల దానధర్మాల గురించి మాట వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు ఆవును చంపి చెప్పులు దానం చేసిన సామెత చెబుతారు. నాకు ఆ సామెత సరిపోదనిపిస్తుంది. ఆ సామెతలో చంపినవాడూ దానమిచ్చినవాడూ ఒక్కడే. ఏం చేశాడో వాడికి తెలుసు, రాత్రి పడుకునేటప్పుడైనా గుర్తొస్తుంది. బహుళజాతి కంపెనీలో ఆవును చంపేది నాలుగో అంతస్తు, చెప్పులు పంచేది ఏడో అంతస్తు. ఇద్దరికీ పరిచయం లేదు. ఇద్దరూ నిజాయితీపరులే, ఇద్దరికీ నిద్ర బాగానే పడుతుంది. కంపెనీ ఇంత పెద్దగా ఉండటంలోని సౌకర్యమే ఇది. ఎవరూ అబద్ధం ఆడనక్కర్లేకుండానే మొత్తం మీద ఒక అబద్ధం తయారవుతుంది.

అందుకే కంపెనీ ఎంత పంచిపెట్టింది అన్న లెక్క మీద నాకు ఆసక్తి పోయింది. ఆ లెక్కలు మరీ వింతగా ఉండే సందర్భాలూ ఉన్నాయి. 1999లో సిగరెట్ల కంపెనీ ఫిలిప్ మోరిస్ దానధర్మాలకు 7.5 కోట్ల డాలర్లు ఇచ్చింది, ఇచ్చానని చెప్పుకునే ప్రకటనలకు 10 కోట్ల డాలర్లు ఖర్చుపెట్టింది. మంచి పేరును లెక్కలేసి కొనుక్కోవడం అంటే అదీ. అవార్డులు, ర్యాంకులు కూడా అంతే. 2015 సెప్టెంబర్‌లో, పర్యావరణం, సామాజిక బాధ్యత విషయాల్లో కంపెనీలకు మార్కులు వేసే డౌ జోన్స్ సస్టైనబిలిటీ సూచీ కార్ల కంపెనీల్లో ఫోక్స్‌వాగన్‌ను అన్నిటికంటే ముందు నిలబెట్టింది. అదే నెల 18న అమెరికా పర్యావరణ సంస్థ ఆ కంపెనీ గుట్టు బయటపెట్టింది. పొగ పరీక్ష జరుగుతోందని పసిగట్టి ఆ కాసేపు మాత్రం బుద్ధిగా నడిచే సాఫ్ట్‌వేర్‌ను డీజిల్ కార్లలో పెట్టారు. ప్రపంచమంతా కలిపి ఆ కార్లు కోటీ పది లక్షల దాకా తేలాయి. రోడ్డు మీద కొన్ని కార్లు వదిలే నైట్రోజన్ ఆక్సైడ్లు అనుమతించిన దానికి 40 రెట్లు. సూచీ తయారుచేసినవాళ్లు అజాగ్రత్తపరులేం కాదు. కంపెనీ ఇచ్చిన కాగితాలు చదివి మార్కులు వేశారు. కాగితాలు బాగున్నాయి. దొంగ లెక్కలతో నష్టాలు దాచిన అమెరికా ఇంధన కంపెనీ ఎన్‌రాన్ నైతిక నియమావళి కూడా 64 పేజీల పుస్తకం, 2000 జూలైలో ఉద్యోగులందరికీ పంచారు. మరుసటి ఏడాది డిసెంబర్‌కి కంపెనీ దివాలా తీసింది.

ఇవన్నీ చెప్పడానికి సరదాగా ఉండే ఉదాహరణలు. సీఎస్ఆర్ అంటే నాకున్న ఇబ్బంది అసలు వీటితో కాదు. మోసం చేసిన కంపెనీని తిట్టడం తేలిక. మోసం చేయని కంపెనీ, అన్ని ఆడిట్లూ చేయించిన కంపెనీ, ఏ నియమాన్నీ మీరని కంపెనీ మాటేమిటి?

రానా ప్లాజా దగ్గర కాస్త ఆగాలి. ఢాకా శివార్లలో సావర్‌లో ఎనిమిది అంతస్తుల భవనం, అందులో ఐదు బట్టల ఫ్యాక్టరీలు. పై అంతస్తులకు అనుమతుల్లేవు, పైనే బరువైన జనరేటర్లు. 2013 ఏప్రిల్ 23న గోడల్లో, స్తంభాల్లో పగుళ్లు కనిపించాయి. జనాన్ని బయటికి పంపేశారు. మర్నాడు కింది అంతస్తులో ఉన్న బ్యాంకు శాఖ తన ఉద్యోగులను రావొద్దంది. షాపులూ తెరవలేదు. బట్టలు కుట్టేవాళ్లను మాత్రం లోపలికి రమ్మన్నారు. రాకపోతే నెల జీతం పోతుందని కొందరిని బెదిరించారు. ఏప్రిల్ 24 ఉదయం తొమ్మిది గంటల వేళ భవనం కూలింది. 1,134 మంది చనిపోయారు.

ఒకే భవనం, ఒకే పగులు. బ్యాంకు ఆ పగులును చూసి మనుషుల్ని ఆపుకుంది, ఫ్యాక్టరీ ఆపుకోలేకపోయింది. యజమానుల అత్యాశ అని చెప్పి వదిలేయొచ్చు, అందులో అబద్ధమూ లేదు. కానీ పర్చేజ్‌లో పనిచేసిన నాలాంటివాడికి ఆ ఉదయం ఇంకోలా కనిపిస్తుంది. ఓడ ఎక్కాల్సిన తేదీ ఒకటి ఉంటుంది. ఆ తేదీ దాటితే సరుకును విమానంలో పంపాలి, ఆ ఖర్చు సప్లయర్ మీద పడుతుంది, లేదా ఇన్వాయిస్‌లో కోత పడుతుంది. ఈ షరతులు సీఎస్ఆర్ రిపోర్టులో ఉండవు, పర్చేజ్ ఆర్డర్ వెనక పేజీలో చిన్న అక్షరాల్లో ఉంటాయి. ఆ వెనక పేజీలు నేనూ పంపాను. చదవకుండా పంపాను.

ఆ భవనంలోని కొన్ని ఫ్యాక్టరీలకు అంతకుముందు సోషల్ ఆడిట్లు, అంటే కార్మికుల పరిస్థితులు చూసే తనిఖీలు, జరిగాయి. ఆడిట్ చేసినవాళ్లు తర్వాత ఇచ్చిన సంజాయిషీ, భవనం గట్టిగా ఉందో లేదో చూడటం మా పని కాదు అని. అదీ నిజమే, చెక్‌లిస్టులో ఆ గడి లేదు. దానికి కొద్ది నెలల ముందే, 2012 సెప్టెంబర్ 11న కరాచీలో అలీ ఎంటర్‌ప్రైజెస్ అనే బట్టల ఫ్యాక్టరీలో మంటలు లేచి 250 మందికి పైగా చనిపోయారు. అది జరగడానికి కొన్ని వారాల ముందే ఆ ఫ్యాక్టరీకి ఎస్‌ఏ 8000 సర్టిఫికెట్ వచ్చింది. కార్మికుల భద్రతకు, హక్కులకు అంతర్జాతీయంగా ఇచ్చే ముద్ర అది. నిప్పు ఎవరు పెట్టారన్న కేసు వేరుగా నడిచింది. బయటపడే దారులు మూసి ఉన్నాయి, కిటికీలకు ఊచలున్నాయి అన్నది మాత్రం సర్టిఫికెట్ ఇచ్చిన రోజున కూడా కనిపించాల్సిన సంగతి.

ఆడిట్ అంటే ఏమిటో నాకు మా అట్టపెట్టెల సప్లయరే నేర్పాడు. ఆ ఫోన్ తర్వాత రెండు నెలలకు జరిగిన ఆడిట్‌లో ఆయన ఫ్యాక్టరీకి ఒక్క తప్పు కూడా పడలేదు. రేటు తగ్గింది, గంటలూ తగ్గాయి. ఎలా సాధ్యమైందని ఒకసారి చనువుగా అడిగితే, "ఇప్పుడు హాజరు రిజిస్టర్లు రెండు పెట్టాం సార్. ఒకటి మాకు, ఒకటి మీకు" అన్నాడు. దాచే ప్రయత్నం కూడా చేయలేదు. నేను ఏడో అంతస్తుకు వెళ్లి చెప్పలేదు. చెబితే ఆయనకు ఆర్డర్లు ఆగిపోయేవి, ఆయన స్థానంలో వచ్చేవాడు మూడో రిజిస్టర్ పెట్టేవాడు. అప్పట్లో నాకు నేను చెప్పుకున్న సమాధానం అది. ఇప్పటికీ సగం నమ్ముతాను, సగం నమ్మను.

గడువుల సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే దీని గురించి ఎవరూ రాయరు. నేను చేరినప్పుడు సప్లయర్లకు 30 రోజుల్లో డబ్బు ఇచ్చేవాళ్లం. నేను ఉండగానే అది 60 అయింది. ఫైనాన్స్ వాళ్లకు అది గొప్ప విజయం, కంపెనీ చేతిలో నగదు పెరుగుతుంది కదా. సప్లయర్‌కు మాత్రం అర్థం ఏమిటంటే, ప్రపంచంలోని పెద్ద కంపెనీల్లో ఒకదానికి అతను వడ్డీ లేని అప్పు ఇస్తున్నాడు, ఆ అప్పు ఇవ్వడానికి తాను బయట వడ్డీకి తెస్తున్నాడు. ఆ వడ్డీ ఎక్కడి నుంచి వస్తుంది? ఓవర్‌టైమ్ డబ్బు ఒక నెల ఆలస్యం చేస్తే వస్తుంది. 2020 మార్చిలో కోవిడ్‌తో దుకాణాలు మూతపడ్డప్పుడు ఇదే పెద్ద ఎత్తున కనిపించింది. బ్రాండ్లు ఆర్డర్లు రద్దు చేశాయి, కొన్ని ఆపేశాయి. వాటిలో కుట్టడం అయిపోయినవీ ఉన్నాయి. ఒక్క బంగ్లాదేశ్‌లోనే అలా రద్దయిన, ఆగిన ఆర్డర్ల విలువ 300 కోట్ల డాలర్లు దాటిందని అక్కడి ఎగుమతిదారుల సంఘం లెక్క చెప్పింది. బట్ట కొన్నది ఫ్యాక్టరీ, జీతాలు ఇవ్వాల్సింది ఫ్యాక్టరీ, నష్టం ఫ్యాక్టరీది. జనం గోల చేశాక చాలా బ్రాండ్లు డబ్బు ఇస్తామన్నాయి, ఇచ్చాయి కూడా. గోల చేయకపోతే?

రానా ప్లాజా తర్వాత మాత్రం ఒక కొత్త పని జరిగింది. అప్పటిదాకా కంపెనీలు సంతకం పెట్టే కాగితాలన్నీ 'కృషి చేస్తాం', 'ప్రోత్సహిస్తాం' అనే క్రియలతో నిండి ఉండేవి. 2013 మే నెలలో బ్రాండ్లకూ కార్మిక సంఘాలకూ మధ్య కుదిరిన అకార్డ్ అనే ఒప్పందంలో క్రియలు మారాయి. ఫ్యాక్టరీలను స్వతంత్ర ఇంజినీర్లు చూస్తారు, రిపోర్టులు పేర్లతో సహా అందరికీ చూపిస్తారు, మరమ్మతులకు డబ్బు సర్దుబాటు అయ్యేలా బ్రాండ్ చూడాలి. మాట తప్పితే సంఘాలు మధ్యవర్తిత్వ న్యాయస్థానానికి ఈడ్చుకెళ్లొచ్చు. ఈ చివరి వాక్యం కాగితానికే పరిమితం కాలేదు. 2016లో రెండు బ్రాండ్ల మీద హేగ్‌లోని శాశ్వత మధ్యవర్తిత్వ న్యాయస్థానంలో కేసులు పడ్డాయి. అందులో ఒక బ్రాండ్ 2018 జనవరిలో 23 లక్షల డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకుని బయటపడింది. రాజీ షరతుల ప్రకారం ఆ బ్రాండ్ల పేర్లు మాత్రం బయటికి చెప్పలేదు. ఆ ఒప్పందం కింద 1,600కు పైగా ఫ్యాక్టరీలను తనిఖీ చేశారు. నిప్పు అంటుకుంటే తెరుచుకునే తలుపులు వచ్చాయి, బలహీనమైన స్తంభాలను పటిష్ఠం చేశారు.

నేను చెప్పదలుచుకున్నది ఇక్కడే ఉంది. ఒక కంపెనీ బాధ్యత తీసుకుంటాను అన్నప్పుడు నేను అడిగేది ఒక్కటే: ఈ మాట తప్పితే నిన్ను ఎవరు, ఎక్కడ నిలదీయగలరు? దానికి జవాబు లేకపోతే అది దయ. దయ చెడ్డదేం కాదు, కానీ దాన్ని బాధ్యత అని పిలవకూడదు. అప్పు తీర్చడాన్నీ బహుమతి ఇవ్వడాన్నీ మనం ఒకే మాటతో పిలవం కదా.

దీనికి పాత అభ్యంతరం ఒకటి ఉంది, దాన్ని కొట్టిపారేయడం నాకు ఇష్టం లేదు. 1970 సెప్టెంబర్‌లో అమెరికా ఆర్థికవేత్త మిల్టన్ ఫ్రీడ్‌మన్ న్యూయార్క్ టైమ్స్ పత్రికలో, కంపెనీ సామాజిక బాధ్యత లాభాలు పెంచడమే అని రాశాడు. సీఎస్ఆర్ మీద ప్రేమ ఉన్నవాళ్లు ఆయన్ని రాక్షసుడిగా చూపిస్తారు. చదివితే అలా ఉండదు. మేనేజర్ అనేవాడు వాటాదారుల డబ్బుకు కాపలాదారు, ఆ డబ్బు తీసి తనకు నచ్చిన మంచి పనికి పెడితే అది ఎవరూ ఓటు వేయని పన్ను అన్నది ఆయన వాదన. ఏ ఊరికి బడి, ఏ ఊరికి ఆసుపత్రి అని నిర్ణయించడానికి మార్కెటింగ్ డైరెక్టర్‌ను ఎవరు ఎన్నుకున్నారు? నిజానికి ఈ ప్రశ్న వామపక్షం వైపు నుంచి కూడా అడగొచ్చు. నేను ఫ్రీడ్‌మన్‌తో ఇక్కడిదాకా నడుస్తాను.

విడిపోయేది ఆయన పెట్టిన షరతు దగ్గర. లాభాలు పెంచుకో, కానీ ఆట నియమాలకు లోబడి అన్నాడు. ఒకే దేశంలో ఉన్న కంపెనీకి ఆ నియమాలేమిటో తెలుసు. యాభై దేశాల్లో ఉన్న కంపెనీకి ఏ దేశపు ఆట? అది మైదానాన్నే ఎంచుకోగలదు. పన్ను ఇక్కడ, ఫ్యాక్టరీ అక్కడ, పేటెంట్ ఇంకెక్కడో. ఐర్లండ్‌లో యాపిల్ అనుబంధ కంపెనీ ఒకటి 2014లో తన లాభాల మీద కట్టిన పన్ను 0.005 శాతమే అని యూరోపియన్ కమిషన్ తేల్చి, 2016లో 1,300 కోట్ల యూరోలు వసూలు చేయమంది. అంత డబ్బు మాకొద్దని ఐర్లండ్ ప్రభుత్వమే కోర్టుకు వెళ్లింది! 2024 సెప్టెంబర్‌లో గానీ అది తేలలేదు, యూరప్ అత్యున్నత న్యాయస్థానం కమిషన్ వైపే తీర్పు చెప్పింది. పన్ను రూపంలో వచ్చిన డబ్బును ఎక్కడ ఖర్చుపెట్టాలో జనం కొట్లాడుకుని నిర్ణయించుకుంటారు. విరాళంగా వచ్చిన డబ్బుకు ముందు థాంక్స్ చెప్పాలి. పన్ను ఎగ్గొట్టే దారులు వెతికే విభాగమూ విరాళాలిచ్చే విభాగమూ ఒకే కంపెనీలో ఉన్నప్పుడు, ఆ రెండో విభాగం ఫొటోలు చూసి నేను చప్పట్లు కొట్టలేను.

బహుళజాతి కంపెనీకున్న మరో వెసులుబాటు వేరు కుంపటి. లాభాలు లెక్కపెట్టేటప్పుడు ఉమ్మడి కుటుంబం, నష్టపరిహారం అడిగేటప్పుడు ఎవరి కుంపటి వారిది. 1984 డిసెంబర్ 2 అర్ధరాత్రి భోపాల్‌లో గ్యాస్ లీకైన ఫ్యాక్టరీ యూనియన్ కార్బైడ్ ఇండియాది. అందులో అమెరికన్ మాతృసంస్థ వాటా 50.9 శాతం. బాధితుల తరఫు కేసులు అమెరికాకు వెళితే, ఇది భారత కోర్టుల్లో తేలాల్సిన వ్యవహారమని అక్కడి న్యాయమూర్తి 1986లో పంపించేశారు. ఫ్యాక్టరీని నడిపింది భారతీయ కంపెనీ, మాకేం సంబంధం అన్నది మాతృసంస్థ వాదన. 1989లో 47 కోట్ల డాలర్లతో రాజీ కుదిరింది. క్రిమినల్ కేసులో శిక్ష పడ్డది 2010లో, అదీ ఇక్కడి అధికారులకు రెండేళ్లు. అమెరికా కంపెనీ ఛైర్మన్ వారెన్ ఆండర్సన్ విచారణకు రాకుండానే 2014లో చనిపోయాడు. వాటా ఉన్నవాడికి బాధ్యత లేకుండా చేయడానికి ఎవరూ కుట్ర చేయనక్కర్లేదు, కంపెనీ చట్టమే ఆ పని చేసి పెడుతుంది.

ఈ గోడకు ఒక బీట పడింది 2019లో. అది పడిన తీరు నాకు ఎంత ఇష్టమో చెప్పలేను. జాంబియాలో చింగోలా దగ్గర రాగి గని నుంచి వచ్చే విషపు నీళ్లు తమ వాగుల్లో కలుస్తున్నాయని 1,826 మంది గ్రామస్థులు లండన్‌లో కేసు వేశారు. గనిని నడిపేది జాంబియా కంపెనీ, మాతృసంస్థ లండన్‌లోని వేదాంతా రిసోర్సెస్. ఎప్పటిలాగే కుంపట్లు వేరన్నారు. బ్రిటన్ సుప్రీంకోర్టు మిగతా ఆధారాలతో పాటు వేదాంతా తాను అచ్చువేసుకున్న సస్టైనబిలిటీ కాగితాలను కూడా చూసింది. మా అనుబంధ కంపెనీల్లో పర్యావరణ ప్రమాణాలను మేమే పర్యవేక్షిస్తాం, అమలు చేయిస్తాం అన్న అర్థంలో అందులో రాసుకున్నారు. మీరే చూసుకుంటాం అన్నారుగా, అలాంటప్పుడు మీమీద కేసు నడవడానికి వాదన ఉన్నట్టే అంది కోర్టు. ఏడో అంతస్తులో ఎవరో మంచి కాగితం మీద, ఆకుపచ్చ బొమ్మలతో అచ్చువేసిన రిపోర్టు కంపెనీ మెడకే చుట్టుకుంది. 2021లో, తప్పు ఒప్పుకోకుండానే, కంపెనీ రాజీ చేసుకుంది.

ఆ తీర్పు చదివి లాయర్లు ఏం సలహా ఇచ్చి ఉంటారో ఊహించడం కష్టం కాదు: రిపోర్టుల్లో క్రియలు తగ్గించండి. ఇది నా అనుమానమే కానీ, దీనికి పాత నిదర్శనం ఉంది. మా ఫ్యాక్టరీల్లో కార్మికులను బాగా చూస్తున్నాం అని నైకీ చెప్పిన మాటలు అబద్ధపు ప్రకటనల కిందికి వస్తాయని కాలిఫోర్నియాలో ఒక పౌరుడు కేసు వేశాడు. 2002లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు, ఆ మాటలు వ్యాపార ప్రకటనలే, వాటికి జవాబు చెప్పాల్సిందే అంది. నైకీ వెంటనే చేసిన పనుల్లో ఒకటి, తన తర్వాతి బాధ్యతా నివేదికను ఆపేయడం. నిజమే చెబుతున్నామన్న నమ్మకం ఉంటే ఆపేది కాదు అనిపిస్తుంది. న్యాయంగా ఇంకోటీ చెప్పాలి. అదే నైకీ 2005లో తన సరుకు తయారుచేసే 700కు పైగా ఫ్యాక్టరీల పేర్లూ చిరునామాలూ బయటపెట్టింది. అప్పటిదాకా ఈ రంగంలో అవి వ్యాపార రహస్యాలు. ఆ జాబితా పట్టుకుని ఎవరైనా వెళ్లి తలుపు తట్టొచ్చు. వంద పేజీల విలువల పుస్తకం కంటే ఆ చిరునామాల జాబితాకే నేను విలువ ఇస్తాను.

నా వాదనకు గట్టిగా అడ్డం తగిలే ఉదాహరణ కూడా ఒకటుంది. మెర్క్ అనే మందుల కంపెనీ పశువుల కోసం తయారుచేసిన ఐవర్‌మెక్టిన్, నల్ల ఈగల ద్వారా వచ్చి మనుషుల చూపు పోగొట్టే రివర్ బ్లైండ్‌నెస్ జబ్బుకు పనిచేస్తుందని తేలింది. ఆ జబ్బు వచ్చేవాళ్లలో మందు కొనుక్కోగలిగేవాళ్లు లేరు. 1987లో కంపెనీ అధిపతి రాయ్ వాజెలోస్, కావలసినంత మందు, అవసరం ఉన్నంత కాలం ఉచితంగా ఇస్తామని ప్రకటించాడు. ఏ కోర్టూ అడగలేదు, ఏ సంఘమూ సంతకం పెట్టించలేదు. ఆ మాట దాదాపు నాలుగు దశాబ్దాలుగా నిలబడుతూనే ఉంది. కొలంబియా, ఈక్వడార్, మెక్సికో, గ్వాటెమాలా ఆ జబ్బు నుంచి బయటపడ్డాయి.

దీన్ని నేను నా సిద్ధాంతంలో ఇరికించలేను, ఇరికించను. అది దయే, గొప్ప దయ. ఒక్క సంగతి మాత్రం గమనించాను: అది కంపెనీ తన అసలు పనితో చేసిన మంచి. తయారుచేసే మందునే ఇచ్చింది, చెట్లు నాటలేదు. ఇదే మెర్క్ 2004లో వయాక్స్ అనే నొప్పి మాత్రను గుండె జబ్బుల ప్రమాదం వల్ల వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది, తర్వాత కేసుల రాజీకి 485 కోట్ల డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకుంది. ఒకే కంపెనీ. అది మంచిదా చెడ్డదా అని అడిగితే సమాధానం రాదు. ఏ నిర్ణయం ఎవరు తీసుకున్నారు, తప్పయితే ఎవరికి జవాబు చెప్పారు అని అడిగితే వస్తుంది.

చట్టాల సంగతి చూస్తే రెండు దారులు కనిపిస్తాయి. భారతదేశం 2013 కంపెనీల చట్టంలో, ఒక స్థాయి దాటిన కంపెనీలు మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సీఎస్ఆర్‌కు ఖర్చుపెట్టాలని రాసింది. వినడానికి బాగుంది. కానీ నిబంధనల ప్రకారం కంపెనీ తన మామూలు వ్యాపారంలో భాగంగా చేసే పని ఆ లెక్కలోకి రాదు. సొంత ఉద్యోగులకు మాత్రమే పనికొచ్చేదీ రాదు. కాకిలెక్కలు రాకుండా పెట్టిన షరతులే అవి, అర్థం చేసుకోగలను. ఫలితం మాత్రం నాలుగో అంతస్తుకూ ఏడో అంతస్తుకూ మధ్య ఉన్న స్లాబును చట్టమే ఇంకాస్త మందంగా పోసినట్టయింది. మిగిలిన 98 శాతం ఎలా వచ్చిందన్నది ఆ సెక్షన్ ప్రశ్నే కాదు.

ఫ్రాన్స్ 2017లో ఇంకో దారి పట్టింది. పెద్ద కంపెనీలు తమ అనుబంధ కంపెనీల్లో, సప్లయర్ల దగ్గర ఎవరికి ఏ హాని జరగొచ్చో ముందే వెతికి, ఆపే ప్రణాళిక వేసి, బయటపెట్టాలి. చేయకపోతే కోర్టుకు లాగొచ్చు. దీని వెనక రానా ప్లాజా జ్ఞాపకం ఉంది. జర్మనీ కూడా 2023 నుంచి ఇలాంటి చట్టం అమల్లో పెట్టింది. 2024లో యూరోపియన్ యూనియన్ మొత్తానికీ ఒక ఆదేశం వచ్చింది, వచ్చిన మరుసటి ఏడాదే కంపెనీలకు భారం ఎక్కువవుతోందంటూ దాన్ని వాయిదా వేశారు. 'స్వచ్ఛందంగా చేస్తున్నాం కదా' అని చెప్పే కంపెనీలకు, అదే పనిని చట్టం చేయమంటే భారం ఎలా అవుతుందో నాకు ఎప్పటికీ అర్థం కాదు.

ఈ చట్టాల మీద నాకూ భయం ఉంది. పెద్ద కంపెనీకి చట్టం చెబితే, పెద్ద కంపెనీ ఆ కాగితాల పని మొత్తం సప్లయర్ నెత్తిన పెడుతుంది. 40 పేజీల ప్రశ్నావళి పంపుతుంది, నింపడానికి కన్సల్టెంట్ ఖర్చు సప్లయర్‌ది, రేటు మాత్రం పెరగదు. లేదా, తలనొప్పి ఎందుకని ఆ దేశం నుంచే సర్దుకుంటుంది. మా అట్టపెట్టెల ఆయన దగ్గరికి ఏ చట్టం వెళ్లినా చివరికి ఇంకో రిజిస్టర్‌గా మారే ప్రమాదం ఉంది. రేటు, గడువు, ఆర్డర్ మార్చే తేదీ, ఈ మూడూ కొనేవాడి చేతిలో ఉన్నంతకాలం ఆ మూడిటి గురించి కొనేవాణ్నే అడిగే చట్టం కావాలి. రాసినంత తేలిక కాదు, తెలుసు. ఎంత తక్కువ రేటు అన్యాయం అవుతుందో ఏ కోర్టు చెబుతుంది?

ఉద్యోగం మానేశాక నాకు మిగిలిన అలవాటు, కంపెనీల రిపోర్టులను వెనక నుంచి చదవడం. ముందు కోర్టు కేసుల జాబితా, తర్వాత ఏ దేశంలో ఎంత పన్ను కట్టారో, తర్వాత సప్లయర్లకు ఉన్న బాకీలు. పిల్లల ఫొటోలు ఆఖర్న.

ఈ మధ్య మా పాత కంపెనీ రిపోర్టు తెరిచాను. బాధ్యతాయుతమైన సరఫరా అనే అధ్యాయం 12 పేజీలు, మా రోజుల్లో రెండు పేజీలు ఉండేది. ఫాంటు కూడా బాగుంది. సప్లయర్లకు డబ్బు ఎన్ని రోజులకు ఇస్తున్నారో ఆ 12 పేజీల్లో ఎక్కడా లేదు. ఆర్థిక నివేదిక చివర, చిన్న అక్షరాల నోట్సులో, చెల్లించాల్సిన బాకీలు ఒక చోట, ఏడాది కొనుగోళ్లు ఇంకో చోట దొరికాయి. బాకీని కొనుగోళ్లతో భాగించి 365తో గుణించాను. నేను వచ్చేసేటప్పటికి 60 రోజులు. ఇప్పుడు 97.